గుమ్మం సీను

యూనిట్‌లో అందరూ అతన్ని కత్తెర అనే పిలుస్తారు. కత్తెరతో ఫిల్మ్ కోసే రోజులు పోయి చాలా కాలమైంది, ఇప్పుడంతా కంప్యూటర్ మీద మీటలు నొక్కడమే. పేరు మాత్రం పోలేదు. పద్దెనిమిదేళ్లుగా ఎడిటింగ్ గదిలో కూర్చున్న మనిషికి ఇంకో పేరుంటుందని ఎవరికీ తట్టదు కూడా. ఇంట్లో వాళ్లక్క "ఒరేయ్" అంటుంది. అతనికి అది చాలు.

కత్తెరకి ఒక అలవాటుంది. సినిమా పూర్తయ్యాక, విడుదలకి ముందు, ముక్కూమొహం తెలియని నలభై మందిని పిలిచి చిన్న హాల్లో వేసి చూపిస్తారు. అప్పుడు దర్శకుడు తెర చూస్తాడు, నిర్మాత గడియారం చూస్తాడు. కత్తెర ఆఖరి వరుసలో కూర్చుని తలలు చూస్తాడు. సీనులో పట్టుంటే ఒక్క తల కదలదు. పట్టు తప్పితే ఒకరు మెడ తిప్పుతారు, ఒకరు కుర్చీలో సర్దుకుంటారు, ఇంకొకరి చేతిలో ఫోను వెలుగుతుంది. అది ఎన్నో నిమిషమో ఒళ్లో ఉన్న పుస్తకంలో రాసుకుంటాడు. మర్నాడు అక్కడ కోత పడుతుంది. "జనం నోరు అబద్ధమాడుతుంది గానీ మెడ ఆడదు" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఈ అలవాటుతోనే పేరు తెచ్చుకున్నాడు. చివరికి ఈ అలవాటే అతని కొంప ముంచింది. అతని కొంప అనడం తప్పు, వాళ్లక్క కొంప.

సంగతి వాళ్ల బావ దగ్గర మొదలవుతుంది. బావ మాటకారి. ఆయన మాట్లాడితే గోడ కూడా ఊ కొడుతుంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. ఆయన ఒక నర్సింగ్ శిక్షణ కేంద్రం నడిపాడు. మేడ మీద మూడు గదులు, నాలుగు మంచాలు, ఒక ప్లాస్టిక్ రోగి, గోడ నిండా అద్దాలు బిగించిన సర్టిఫికెట్లు. ఆ సర్టిఫికెట్లలో ఒక్కటీ నిజం కాదు. చేరడానికి వచ్చిన ప్రతి అమ్మాయి ఫైలూ చేతిలోకి తీసుకుని, చదివినట్టు చూసి, మూసి, దాని మీద రెండుసార్లు తట్టి "దిగులు నాకొదిలేయండి" అనేవాడు. ఆ మాటకి కరగని తల్లీ తండ్రీ లేరు.

అక్క ముందు గదిలో బల్ల దగ్గర కూర్చునేది. దరఖాస్తులు తీసుకోవడం, హాజరు వేయడం, ఎవరికైనా తలనొప్పి వస్తే మాత్ర ఇచ్చి కాసేపు పడుకోబెట్టడం ఆమె పని. గోడ మీద కాగితాలు దొంగవని ఆమెకి తెలియదు. రెండేళ్లు చదివిన ఒక అమ్మాయి ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళితే ఈ పట్టా చెల్లదు పొమ్మన్నారు. ఆ కబురు వచ్చేసరికి బావ లేడు. మర్నాడు పొద్దున్న అరవై మూడు మంది అమ్మాయిలు మెట్లెక్కి వచ్చారు. అక్క పారిపోలేదు. తాళం వేసిన తలుపు ముందు, గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లకి వచ్చినట్టు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పింది. "మీ పట్టా చెల్లదమ్మా. ఆయన వెళ్లిపోయాడు. నాకు తెలియదు. అయినా నీ దరఖాస్తు తీసుకున్న చెయ్యి నాదే." అరవై మూడు సార్లు చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి, గొంతు పోయి, నాలుగు రోజులు మాట్లాడలేకపోయింది.

తర్వాత బావ దొరికాడు. కొన్నాళ్లు లోపలున్నాడు, బెయిలు మీద బయటికొచ్చాడు. కేసు నడుస్తోంది, అంటే నడవడం లేదని అర్థం. విడాకులు మాత్రం తొందరగానే వచ్చాయి. అక్క తమ్ముడి ఇంట్లో ఉంటూ, పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరింది.

ఒకరోజు టీ తాగుతూ కత్తెర ఈ కథంతా దర్శకుడికి చెప్పాడు. దర్శకుడిని అందరూ గడ్డం అంటారు, మనిషికంటే ముందు అదే గదిలోకి వస్తుంది కాబట్టి. గడ్డం కప్పు కింద పెట్టేశాడు. "ఇది సినిమారా! ఏడుపుగొట్టుగా కాదు, వెక్కిరింతగా. నవ్వుతూ చెబితేనే జనానికి ఎక్కుతుంది" అన్నాడు.

కత్తెర ఇంటికెళ్లి అక్కని అడిగాడు.

"నవ్వించే సినిమానా?" అంది అక్క.

"వాడిని చూసి నవ్వేలా తీస్తామక్కా. లోకమంతా వాడి మొహం మీదే నవ్వాలి. రేపు ఇలాంటివాడు ఎదురుపడితే ఇట్టే గుర్తుపడతారు."

అక్క ఇంట్లో కూడా చేతిలో ఏ గుడ్డ పడితే అది మడతపెడుతూనే ఉంటుంది. ఒక తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ పెట్టింది.

"తీసుకోండి. కానీ ఒరేయ్, నేను గుమ్మంలో నిలబడ్డ రోజు అందులో ఉండాలి. నా గొప్ప కోసం కాదు. వాడి మాటలు వింటే వాడేం చేశాడో తెలీదు, నాకే తెలీలేదు కదా! ఆ పిల్లల మొహాలు చూస్తేనే తెలుస్తుంది."

"ఆ పూచీ నాది" అన్నాడు కత్తెర. ఎడిటింగ్ బల్ల తన చేతిలో ఉండగా పూచీకేం లోటు?

సినిమా తీశారు. బావ వేషానికి పెద్ద హీరోని పెట్టారు. అసలు బావ కోటుకి ఒక గుండీ ఉండేది కాదు, ఆ చోటు ఎప్పుడూ ఫైలు అడ్డం పెట్టి కప్పుకునేవాడు. హీరో కోటుకి మూడు గుండీలూ ఉన్నాయి, పైగా మెరుస్తున్నాయి. నడిచినప్పుడల్లా వెనక డప్పు. కత్తెరకి ఎక్కడో మనసు గుచ్చుకుని అడిగితే గడ్డం నవ్వాడు. "వాడు ఎంత అందంగా ఉంటే జనానికి చివర్లో అంత అసహ్యం పుడుతుంది. చురక అంటే అదే." గడ్డం చెడ్డవాడు కాదు. ఆ మాట నిజంగా నమ్మే అన్నాడు.

గుమ్మం సీను ఏడు నిమిషాలు వచ్చింది. పాట లేదు, డప్పు లేదు. అక్క వేషం వేసిన నటి మెట్ల మీద నుంచి వచ్చే ఒక్కో అమ్మాయికీ అదే మాట చెబుతుంది. షూటింగ్ రోజు లైట్లు పట్టుకునేవాళ్లు కూడా తలలు దించుకున్నారు.

మొదటిసారి నలభై మందికి వేసినప్పుడు హీరో ఉన్నంతసేపూ ఒక్క తల పక్కకి తిరగలేదు. కోటు సర్దుకుంటే నవ్వారు, ఫైలు తడితే నవ్వారు. గుమ్మం సీను రెండో నిమిషంలోకి వచ్చింది. ఒకాయన కాలు మీద కాలు మార్చుకున్నాడు. ఒకావిడ కింద పెట్టిన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. రెండు ఫోన్లు వెలిగాయి. కత్తెర చెయ్యి తనంతట తనే పుస్తకంలో నిమిషం రాసుకుంది.

ఏడు నిమిషాలు నాలుగయింది. మళ్లీ వేశారు, మళ్లీ సర్దుకున్నారు. నాలుగు రెండయింది. మళ్లీ అంతే. "ఒక్కసారి పూర్తిగా తీసేసి చూద్దాంరా, మళ్లీ పెట్టుకోవచ్చు" అన్నాడు గడ్డం. తీసేశారు. ఆసారి మొదటినుంచి చివరిదాకా ఒక్క మెడ తిరగలేదు. పోలీసులు పట్టుకెళుతుంటే హీరో ఇన్‌స్పెక్టర్ చేతిలో ఫైలు తీసుకుని, దాని మీద రెండుసార్లు తట్టి "దిగులు నాకొదిలేయండి" అంటాడు. అక్కడ సినిమా ఆగిపోతుంది. నలభై మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంకో చిక్కు మిగిలింది. గుమ్మం పోయాక ముందు గదిలో కూర్చునే ఆవిడకి కథలో పని లేకుండా పోయింది. "మధ్యమధ్యలో వచ్చే ఆవిడెవరు?" అని చూసినవాళ్లే అడిగారు. ఆమె ఉన్న షాట్లు తొమ్మిది. కత్తెర ఒక మధ్యాహ్నం కూర్చుని తొమ్మిదీ తీసేశాడు. అతుకు తెలియకుండా తీశాడు. అందులో అతన్ని మించినవాడు లేడు.

"కాస్త తగ్గించాల్సొచ్చిందక్కా" అని చెప్పాడు ఇంట్లో. ఏడు నిమిషాల్లో ఏడూ పోతే దాన్ని కాస్త అంటారో లేదో మీరే చెప్పాలి.

అక్క సినిమా చూసింది. పక్కనే కూర్చున్న కత్తెర తెరకేసి చూడలేకపోయాడు, ఆమెకేసీ చూడలేకపోయాడు. హాలంతా ఈలలు. బయటికొచ్చాక అక్క "బాగా నవ్వారు" అంది. అదే రెండు తిట్లు తిట్టుంటే అతనికి ఆ పూట అన్నం దిగేది.

సినిమా విరగబడి ఆడింది. హీరో చెప్పిన ఆ దిగులు మాట ఫోన్లలోకెక్కింది, బనియన్లకెక్కింది. పిల్లలు పుస్తకాలు మూసి రెండుసార్లు తట్టేవాళ్లు. లాండ్రీలో సూపర్‌వైజర్ మడతపెట్టిన దుప్పట్ల దొంతర మీద తట్టి, కన్ను కొట్టి, "దిగులు నాకొదిలేయండి" అనేవాడట. అందరూ నవ్వేవాళ్లట. ఇది అక్క చెప్పలేదు, ఆమెతో పనిచేసే ఆవిడ చెప్పింది. అక్క ఆ దొంతర విప్పి మళ్లీ మొదటినుంచి మడతపెట్టిందని కూడా చెప్పింది.

నెల తిరక్కుండానే కత్తెరకి బావ దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"బామ్మర్దీ! కోసింది నువ్వేనట కదా? ఏం కోశావయ్యా! నాకే నామీద ముద్దొచ్చింది."

"అది మీమీద వెక్కిరింతగా తీసింది" అన్నాడు కత్తెర.

"వెక్కిరింతే, కాదన్నానా? మూడుసార్లు చూశాను. మూడుసార్లూ మా వీధి వీధంతా నాతో వచ్చారు. ఒక్కటే లోటు, నా కోటుకి మూడో గుండీ ఉండేది కాదు. నువ్వు పెట్టించావు, సంతోషం." గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకో మాట. మీ అక్కని చూపించలేదు. చాలా మర్యాదైన పని చేశావు. ఇంటి ఆడవాళ్లని బజార్లో పెట్టకూడదు."

కత్తెర ఫోను పెట్టేశాడు. వాడు తిట్టి ఉంటే బాగుండేది, మెచ్చుకున్నాడు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఈ చేనుకి ఎరువు వేసింది కూడా మనవాడే.

ఇంకో రెండు నెలలకి బస్టాపు ఎదురుగా పెద్ద బోర్డు లేచింది. ఆసుపత్రి సహాయకుల శిక్షణ కేంద్రం. లైసెన్సు ఎవరో తమ్ముడి వరస వాడి పేరు మీద. బోర్డు మీద బావ, మూడు గుండీల కోటు వేసుకుని, సినిమా పోస్టర్లో హీరో నిలబడ్డట్టే నిలబడ్డాడు. కింద ఆ మాటే, పెద్దక్షరాల్లో. మోసగాడైతే ఇంత ధైర్యంగా బోర్డు పెట్టుకుంటాడా, తన మీద సినిమా తీస్తే నవ్వుతూ చూస్తాడా అనుకున్నారు జనం. ఆయనతో ఫోటో దిగడానికి కూడా వచ్చారు.

కత్తెర గడ్డం దగ్గరికి పరిగెత్తాడు. ఇంటర్నెట్‌లో పెట్టే ప్రతిలో అయినా గుమ్మం సీను కలుపుదామన్నాడు.

"హిట్టయిన సినిమాని ముట్టుకుంటారా ఎవరైనా?" అన్నాడు గడ్డం. "మనం వాడిని వెక్కిరించాంరా. జనానికి అర్థం కాకపోతే మన తప్పా?"

"జనానికి బాగానే అర్థమైంది. మనం ఏం చూపించామో అదే అర్థమైంది."

గడ్డం గడ్డం గోక్కున్నాడు. అతని మొహం కూడా చిన్నబోయింది గానీ, మాట మార్చలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఆ ఆకులు కూడా దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నం అక్కని ఎడిటింగ్ గదికి తీసుకొచ్చాడు. "తీసేసిన ముక్క చూపిస్తాను, చూస్తావా?" అంటే వచ్చింది. ఆమెని తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టి, మీట నొక్కి, అలవాటుకొద్దీ తను వెనక స్టూలు మీద కూర్చున్నాడు. నటి గుమ్మంలో నిలబడింది. మొదటి అమ్మాయి వచ్చింది, రెండో అమ్మాయి వచ్చింది. అక్క తల కదల్లేదు. రెండో నిమిషంలో స్టూలు కిర్రుమంది. సర్దుకున్నది తనేనని కత్తెరకి అప్పుడు తెలిసింది. తనకి విసుగు పుట్టలేదు. అక్కడ కూర్చోలేకపోయాడు, అంతే.

ఏడు నిమిషాలూ అయ్యాక అక్క అడిగింది.

"ఇంత బాగుంది. ఎందుకు తీశావురా?"

"జనం కుర్చీల్లో సర్దుకున్నారక్కా. విసుగొచ్చిందనుకున్నాను."

"ఆరోజు ఆ పిల్లలూ అంతే చేశారు. ఒకమ్మాయి ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది, మళ్లీ ఈ చేతిలోకి. ఇంకో అమ్మాయి నాన్న వంగి చెప్పు సరిచేసుకుంటూనే ఉన్నాడు, చెప్పుకేం కాలేదు. వాళ్లకి విసుగొచ్చిందంటావా?"

కత్తెర పద్దెనిమిదేళ్లు తలల వెనకభాగాలే చూశాడు. ఒక్కసారి లేచి ముందుకెళ్లి, ఒళ్లో సంచీ పెట్టుకున్న ఆవిడ మొహం చూసి ఉంటే సరిపోయేది. అంత దూరం కూడా కాదు, ఆరు వరుసలు.

"తప్పయిపోయిందక్కా. ఈ ముక్క అందరి ఫోన్లకీ పంపిస్తాను" అన్నాడు.

"ఫోన్లలో నవ్వేవే చూస్తారు. రేపు సోమవారం వాడి దగ్గర కొత్తవాళ్లని చేర్చుకుంటున్నారు. వెళ్లి గుమ్మంలో నిలబడతాను" అంది అక్క లేస్తూ. "నాకు అలవాటేగా."

సోమవారం ఇద్దరూ వెళ్లారు. కొత్త కేంద్రానికి గాజు తలుపులు, లోపల ఏసీ, గోడ మీద హీరోతో బావ దిగిన ఫోటో. బయట నాలుగు మెట్లు. అక్క లాండ్రీ నుంచి సెలవు పెట్టి, ఉతికిన బట్టలు కట్టుకుని, పై మెట్టు మీద ఓ పక్కగా నిలబడింది. కత్తెర ఆమె వెనక నిలబడ్డాడు. అతనికి వెనకే అలవాటు.

మొదటి అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. ఫైలు గుండెలకి హత్తుకుని, బోర్డు చూసి నవ్వుకుంటూ మెట్లెక్కింది.

"అమ్మా, ఒక్క నిమిషం" అంది అక్క. "ఇక్కడ చేరకు. వీళ్లిచ్చే పట్టా ఎక్కడా చెల్లదు. ఇదివరకు అరవై మూడు మంది ఇలాగే మోసపోయారు."

"మీరెవరండీ?"

"ఆయన భార్యని. ఒకప్పుడు. అప్పుడు దరఖాస్తులు తీసుకున్నది నేనే."

అమ్మాయి అక్కని పైకీ కిందకీ చూసి, మర్యాదగానే నవ్వింది.

"ఊరుకోండి ఆంటీ. ఆయనకి పెళ్లే కాలేదు కదా. నేను సినిమా రెండుసార్లు చూశాను. అందులో భార్య ఎక్కడుంది?"

కత్తెరకి అతుకు తెలియకుండా తీశానని మురిసిపోయిన తొమ్మిది షాట్లూ వరసగా కళ్లముందుకొచ్చాయి. అక్క అమ్మాయి మీద కోప్పడలేదు. వెనక్కి తిరిగి తమ్ముడి చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది.

"ఉండేదమ్మా. తీసేసింది వీడే. వీణ్ణే అడుగు."

కత్తెర చెప్పాడు. తొందర తొందరగా, తలాతోకా లేకుండా చెప్పాడు. ఆసుపత్రి అన్నాడు, పట్టా అన్నాడు, తాళం వేసిన తలుపన్నాడు. మెట్ల మీద నిలబడ్డ అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి ఈ అమ్మాయి నవ్వు తగ్గింది. గుండెలకి హత్తుకున్న ఫైలు తీసి ఎడమ చేతిలో పట్టుకుంది. తర్వాత కుడి చేతిలోకి మార్చుకుంది.

పద్దెనిమిదేళ్ల అలవాటు. అది చూడగానే కత్తెర ఆగిపోయాడు.

ఆ కాస్త సందులోనే గాజు తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి బావ గొంతు, తేనె పూసినట్టు. "ఎండలో నిలబడిపోయావేంటమ్మా? లోపలికి రా, ఆ దిగులు నాకొదిలేయ్!" ఆ మాట వినగానే అమ్మాయి మొహం విప్పారింది. పెద్ద హీరోని చూసినట్టు నవ్వింది. "థాంక్సండీ" అని ఇద్దరికీ చెప్పి, లోపలికెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. గాజులోంచి ఆమె ఫైలు బావ చేతుల్లోకి వెళ్లడం, దాని మీద రెండుసార్లు తట్టడం కనిపించింది.

"వింటోందిరా. ఎందుకాపావు?" అంది అక్క.

కత్తెరకి ఏడుపొచ్చింది. అక్క అతని భుజం మీద చెయ్యి వేసి వీధి వైపు తిప్పింది. రోడ్డు దాటి ఇంకో అమ్మాయి వస్తోంది, ఈమె చేతిలోనూ ఫైలుంది.

"మొదటినుంచి చెప్పు. ఏదీ వదలకు. ఆ పిల్ల ఎంత ఇబ్బంది పడ్డా మధ్యలో ఆపకు."

కత్తెర కళ్లు తుడుచుకుని, ఆ అమ్మాయికి ఎదురుగా, మొహం కనిపించేలా, రెండు మెట్లు కిందికి దిగాడు.